ఎదుటివారికి మనసుందని ఎలా తెలుసు?

హయత్‌నగర్ దాటి విజయవాడ హైవే ఎక్కిన కారులో నలుగురు దోస్తులుంటే మాటలకు కరువుండదు. సినిమాలు, ప్లాట్ల ధరలు అయిపోయాక ఎవరో ఒకరు మొదలుపెడతారు: "అరే, నేనొక్కణ్ణే నిజమై, మీరంతా నా బుర్ర పుట్టించిన బొమ్మలైతే?" వెనక సీట్లోంచి జవాబు వస్తుంది: "అట్లయితే ఫాస్టాగ్ రీఛార్జ్ నువ్వే చెయ్యి. బొమ్మల దగ్గర పైసలుంటయా?" అందరూ నవ్వుతారు. కానీ ఆ మొదటివాణ్ణి తర్కంతో ఓడించడం ఎవరి తరమూ కాదు. ఏ రుజువు చూపినా 'అదీ నా బుర్ర కల్పనే' అనేస్తాడు.

పాశ్చాత్యులు ఈ వాదాన్ని సోలిప్సిజం అంటారు. మన అద్వైతంలోనూ ఒక శాఖ దీనికి దగ్గరగా వచ్చింది. ఉన్నది ఒక్క జీవుడే, మిగతావారు కలలో కనిపించే మనుషుల్లాంటివారే అన్నది ఏకజీవవాదం. వాదం గట్టిదే, దాన్ని పట్టుకుని బతకడమే కష్టం. తర్కశాస్త్రవేత్త క్రిస్టీన్ లాడ్-ఫ్రాంక్లిన్ ఒకసారి బెర్ట్రండ్ రసెల్‌కు ఉత్తరం రాస్తూ, తాను సోలిప్సిస్టునని, వేరెవరూ అలా లేకపోవడం ఆశ్చర్యంగా ఉందని అన్నారట. 1948 నాటి తన పుస్తకంలో రసెల్ ఈ సంగతి చెప్పాడు. వేరెవరూ లేనప్పుడు ఆ ఉత్తరం ఎవరికి?

ఈ చిక్కును విడదీయడానికి 7వ శతాబ్దంలోనే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి 'సంతానాంతరసిద్ధి' అనే గ్రంథం రాశాడు. నేను మాట్లాడేముందు నాలో మాట్లాడాలన్న ఉద్దేశం పుడుతుంది. పక్కసీటు నుంచి నేను అనుకోని మాట వినిపించింది. దాని వెనక నా ఉద్దేశం లేదు. ఉద్దేశం లేకుండా మాట రాదు కనుక అక్కడ మరో మనసు ఉంది. ఇదీ ఆయన వాదం సారాంశం. బాగానే ఉంది, మరి కలలో మనుషులు కూడా మనం అనుకోని మాటలే అంటారు కదా? 11వ శతాబ్దంలో అదే బౌద్ధానికి చెందిన రత్నకీర్తి 'సంతానాంతరదూషణ' రాసి ఈ వాదాన్ని ఖండించాడు.

పండితులు తేల్చేదాకా మెదడు మాత్రం ఆగదు. అదే హైవే మీద డివైడర్ సందులో ఒకామె సంచితో నిలబడి ఉంది. అవతలి వైపు ఆర్టీసీ బస్సు కదలబోతోంది. ఆమె చూపు బస్సు మీదే ఉంది, మన కారు మీద లేదు. డ్రైవర్ కాలు యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, తర్కానికి తీరికెక్కడిది? ఆ క్షణంలో అతడు రెండు సంగతులు చదివాడు: ఆమెకు ఏం కావాలో, ఆమెకు ఏం తెలియదో.

రెండోది చదవడం తేలిక కాదు. 1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు పిల్లలకు ఒక కథ చెప్పారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను ఒక అరలో దాచి బయటికి వెళ్తాడు. వాళ్లమ్మ దాన్ని వేరే అరలోకి మారుస్తుంది. తిరిగొచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాక్లెట్ ఇప్పుడున్న అరనే చూపిస్తారు. తమకు తెలిసింది వాడికి తెలియదన్న సంగతి సాధారణంగా నాలుగైదేళ్లకు గానీ తట్టదు. ఎదుటివారి నమ్మకాల గురించి ఆలోచించేటప్పుడు కుడి చెవికి కాస్త పైన, వెనకగా ఉండే మెదడు భాగం చురుగ్గా పనిచేస్తుందని 2003లో సాక్స్, కాన్విషర్ అనే పరిశోధకులు చూపించారు.

అయితే ఈ యంత్రాంగం రెండు వైపులా పొరబడుతుంది. 1944లో హైడర్, సిమెల్ అనే మనస్తత్వ పరిశోధకులు తీసిన చిన్న యానిమేషన్‌లో ఉన్నవి రెండు త్రిభుజాలు, ఒక వృత్తం, తెరుచుకునే ఒక పెట్టె. చూసినవాళ్లు మాత్రం పెద్ద త్రిభుజం రౌడీ అని, వృత్తం భయపడుతోందని వర్ణించారు. నేడు చాట్‌బాట్‌తో మాట్లాడేవారికీ ఇలాంటి అనుభవమే ఎదురవుతోంది. మనం అనుకోని మాట అటునుంచి వస్తుంది, దాని వెనక మనసుందో లేదో ధర్మకీర్తి సూత్రం ఒక్కటే తేల్చలేదు.

ఇక రెండోవైపు, ఉన్న మనసును గుర్తించలేకపోవడం. రోడ్డు ప్రమాదంలో మెదడు దెబ్బతిని, నెలలుగా ఉలుకూ పలుకూ లేని 23 ఏళ్ల యువతిని మెదడు పరిశోధకుడు ఏడ్రియన్ ఓవెన్ బృందం స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యవంతుల్లో లాగే ఆమె మెదడులోనూ కదలికలకు సంబంధించిన భాగం వెలిగింది. 2006లో 'సైన్స్' పత్రికలో ఈ ఫలితం వచ్చింది. 2024లో వెలువడిన మరో అధ్యయనంలో, చెప్పిన పనికి పైకి స్పందించని 241 మంది రోగుల్లో 60 మంది మెదళ్లు మాత్రం ఆ మాటకు స్పందించాయి.

ఇతరులున్నారని నూటికి నూరుపాళ్లు రుజువు చేయలేకపోవచ్చు. కానీ రెండు పొరపాట్ల ఖరీదూ ఒకటి కాదు. త్రిభుజానికి మనసు అంటగడితే పోయేదేమీ లేదు. మంచం మీద కదలని మనిషికి మనసు లేదనుకుంటే, ఆ మనిషి వింటుండగానే ఆశ వదులుకున్న మాటలు మాట్లాడతాం. అందుకే అలాంటి రోగి దగ్గర వైద్యులైనా, బంధువులైనా ఆ మనిషి వింటున్నట్టే మాట్లాడాలి.