క్రిస్ పాల్ మార్పిడి వివాదం (2011)

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ సమాఖ్య అయిన నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ (ఎన్.బి.ఏ.) లో 2011 డిసెంబరు 8న న్యూ ఆర్లియన్స్ హార్నెట్స్ జట్టు తన ప్రధాన ఆటగాడు క్రిస్ పాల్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టుకు ఇవ్వడానికి ఒప్పందం కుదుర్చుకొన్నది. కొన్ని గంటలలోనే సమాఖ్య కమీషనర్ డేవిడ్ స్టెర్న్ ఆ ఒప్పందాన్ని తిరస్కరించాడు. ఈ తిరస్కరణను, దానిపై అభిమానుల మధ్య సంవత్సరాల తరబడి సాగిన వాదోపవాదాలను కలిపి క్రిస్ పాల్ మార్పిడి వివాదంగా పేర్కొనవచ్చును. ఆ సమయంలో హార్నెట్స్ జట్టుకు వేరే యజమాని లేడు. ఎన్.బి.ఏ. సంస్థే ఆ జట్టుకు యజమాని. వివాదానికి మూలం ఇదే.

మార్పిడి పద్ధతి

అమెరికాలోని వృత్తి క్రీడా సమాఖ్యలలో ఒక జట్టు తన ఆటగాడిని మరొక జట్టుకు ఇచ్చి, బదులుగా ఇతర ఆటగాళ్ళను తీసుకోవడాన్ని "ట్రేడ్" లేదా మార్పిడి అంటారు. చేతులు మారేది ఆటగాడి ఒప్పందపత్రం. అందువలన సాధారణంగా ఆటగాడి అంగీకారం అవసరం ఉండదు. ఆటగాళ్ళతో పాటు "డ్రాఫ్ట్" హక్కులను కూడా ఇచ్చి పుచ్చుకొంటారు. డ్రాఫ్ట్ అంటే ప్రతి సంవత్సరం కొత్త ఆటగాళ్ళను జట్లు వరుసక్రమంలో ఎంచుకొనే కార్యక్రమం. ఓడిన జట్లకు ముందుగా ఎంచుకొనే అవకాశం ఎక్కువ.

జట్ల మధ్య ఒప్పందం కుదిరిన తరువాత సమాఖ్య కార్యాలయం జీతాల లెక్కలు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో చూస్తుంది. ఒప్పందం తెలివైనదా, తెలివితక్కువదా అన్నది కార్యాలయం పని కాదు, అది జట్టు యజమాని చూసుకోవలసిన విషయం. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటేనే వివాదం అర్థమవుతుంది.

నేపథ్యం

హార్నెట్స్ జట్టు 2002లో షార్లెట్ నగరం నుండి న్యూ ఆర్లియన్స్‌కు తరలి వచ్చింది. 2005 డ్రాఫ్ట్‌లో 4వ ఎంపికగా క్రిస్ పాల్ (జననం 1985) ఈ జట్టులో చేరాడు. అదే సంవత్సరం కత్రినా తుఫాను నగరాన్ని ముంచెత్తడంతో జట్టు రెండు సీజన్ల పాటు ఎక్కువ ఆటలను ఓక్లహోమా సిటీలో ఆడవలసి వచ్చింది. పాల్ మొదటి సీజన్‌లోనే ఉత్తమ నూతన ఆటగాడి పురస్కారం పొందాడు. 2008లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారానికి జరిగిన ఓటింగులో కోబీ బ్రయంట్ తరువాత రెండవ స్థానంలో నిలిచాడు. వరదకు గురై తేరుకొంటున్న నగరంలో అతడికి ఒక క్రీడాకారుడికి మించిన ఆదరణ లభించింది.

జట్టు యజమాని జార్జ్ షిన్ జట్టును అమ్మదలచాడు కాని బేరం కుదరలేదు. కొనేవారు వేరే నగరానికి తరలిస్తారన్న భయం కూడా ఉన్నది. చివరకు 2010 డిసెంబరులో ఎన్.బి.ఏ. తానే సుమారు 30 కోట్ల డాలర్లకు జట్టును కొన్నది. అంటే మిగిలిన 29 జట్ల యజమానులు కలిసి, తమతో పోటీపడే 30వ జట్టుకు యజమానులయ్యారు. వ్యవహారాలు చూడడానికి జాక్ స్పెర్లింగ్‌ను నియమించారు. ఆటగాళ్ళ ఎంపిక జనరల్ మేనేజర్ డెల్ డెంప్స్ చేతిలోనే ఉన్నది.

ఈ ఏర్పాటులోని చిక్కు బయటపడడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2011 ఫిబ్రవరిలో హార్నెట్స్ జట్టు శాక్రమెంటో నుండి కార్ల్ లాండ్రీ అనే ఆటగాడిని తెచ్చుకొని తన జీతాల ఖర్చు పెంచుకొన్నది. తమ సొమ్ముతో నడిచే జట్టు తమ ప్రత్యర్థిగా బలపడడమేమిటని డాలస్ జట్టు యజమాని మార్క్ క్యూబన్ బహిరంగంగా అభ్యంతరం తెలిపాడు. ఆ అభ్యంతరాన్ని అప్పట్లో ఎక్కువ మంది పట్టించుకోలేదు.

పెద్ద నగరాలు, చిన్న నగరాలు

2010లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్‌ను వదలి మయామీకి వెళ్ళాడు. 2011 ఫిబ్రవరిలో కార్మెలో ఆంథొనీ డెన్వర్ నుండి న్యూయార్క్ చేరాడు. పేరున్న ఆటగాళ్ళు ఒప్పందం ముగిసేలోగా తమకు నచ్చిన పెద్ద నగరానికి చేరుతున్నారని, చిన్న నగరాల జట్లు వారిని తయారుచేసి అప్పగించే శిక్షణ కేంద్రాలుగా మారుతున్నాయని ఆ జట్ల యజమానులు వాదించారు. 2011 జులై 1న మొదలైన లాకౌట్‌కు ఆదాయపు వాటాలు ముఖ్య కారణమే అయినా, ఈ అసమానత కూడా చర్చలలో పదే పదే ప్రస్తావనకు వచ్చింది. లాకౌట్ వలన 82 ఆటల సీజన్ 66 ఆటలకు తగ్గింది.

పాల్‌కు 2012 వేసవిలో ఒప్పందం నుండి తప్పుకొనే హక్కు ఉన్నది. అప్పటిదాకా ఆగితే హార్నెట్స్‌కు దక్కేది ఏమీ ఉండదు. కనుక అతడిని ముందే మార్చుకోవడం జట్టుకు అవసరమైంది.

కుదిరిన ఒప్పందం

డిసెంబరు 8న న్యూయార్క్‌లో యజమానులు సమావేశమై కొత్త కార్మిక ఒప్పందాన్ని ఆమోదించారు. లాకౌట్ ముగిసింది. అదే రోజు సాయంత్రం పాల్ వార్త వెలువడింది. మూడు జట్ల మధ్య కుదిరిన ఈ మార్పిడిలో పాల్ లేకర్స్‌కు, లేకర్స్ ఆటగాడు పావ్ గసోల్ హ్యూస్టన్ రాకెట్స్‌కు వెళ్ళాలి. హార్నెట్స్‌కు లేకర్స్ నుండి లామర్ ఓడమ్, హ్యూస్టన్ నుండి కెవిన్ మార్టిన్, లూయిస్ స్కోలా, గోరాన్ డ్రాగిచ్, వీరితో పాటు ఒక మొదటి రౌండు డ్రాఫ్ట్ హక్కు రావాలి.

కాగితం మీద చూస్తే ఇది చెడ్డ బేరం కాదు. ఓడమ్ అంతకు ముందు సీజన్‌లో ఉత్తమ ఆరవ ఆటగాడి పురస్కారం పొందినవాడు. మార్టిన్ ఆటకు 23 పాయింట్ల పైన, స్కోలా 18 పాయింట్ల పైన సాధించినవారు. అయితే వయసు చూడాలి. ఓడమ్‌కు 32, స్కోలాకు 31, మార్టిన్‌కు 28 సంవత్సరాలు. ఇటువంటి జట్టు వెంటనే ప్లేఆఫ్స్‌కు పోటీపడగలదు, కాని అంతకు మించి ఎదగడం కష్టం. పైగా జీతాల భారం తగ్గదు. అమ్మకానికి పెట్టిన జట్టుకు ఇది చిన్న విషయం కాదు.

తిరస్కరణ

క్లీవ్‌లాండ్ జట్టు యజమాని డాన్ గిల్బర్ట్ ఆ రోజే స్టెర్న్‌కు ఒక లేఖ పంపాడు. అది వెంటనే పత్రికలకు చేరింది. ఈ మార్పిడి ఘోరమని, హార్నెట్స్‌కు యజమానులైన 29 మంది దీనిపై ఓటు వేయాలని అతడు కోరాడు. హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ చేతిలో ఓడిపోవడానికే పుట్టినట్లుండే వాషింగ్టన్ జనరల్స్ జట్టుతో చిన్న జట్లను పోల్చి, సమాఖ్యలోని అధిక భాగం జట్లకు ఆ పేరే పెట్టవచ్చునని ఎత్తిపొడిచాడు.

లేఖలోని ఎత్తిపొడుపు అందరికీ గుర్తున్నది కాని, అందులోని లెక్క అంతకంటె ముఖ్యమైనది. ఈ మార్పిడి వలన లేకర్స్‌కు మూడు సీజన్లలో జీతాల రూపంలో సుమారు 2 కోట్ల డాలర్లు, విలాస పన్ను రూపంలో సుమారు 2.1 కోట్ల డాలర్లు మిగులుతాయని గిల్బర్ట్ లెక్క వేశాడు. విలాస పన్ను అంటే జీతాల ఖర్చు ఒక హద్దు దాటిన జట్టు సమాఖ్యకు చెల్లించే సొమ్ము. ఇది చెల్లించని జట్లకు మేలు చేకూరుస్తుంది. అంటే హార్నెట్స్ తరఫున తీర్పు చెప్పమని అతడు కోరిన యజమానులకు, లేకర్స్ ఎక్కువ పన్ను కడుతూ ఉండడంలో సొంత లాభం ఉన్నది.

ఆ రాత్రికే సమాఖ్య ఒప్పందాన్ని తిరస్కరించింది. యజమానుల ఒత్తిడి కారణం కాదని, ఆటకు సంబంధించిన కారణాల వలననే తిరస్కరించామని ప్రతినిధి ప్రకటించాడు. ఆ మాట అభిమానుల మధ్య ఎగతాళిగా స్థిరపడిపోయింది. పాల్ హార్నెట్స్‌లో ఉండడమే ఆ ఒప్పందంకంటె జట్టుకు మేలని స్టెర్న్ మరునాడు వివరణ ఇచ్చాడు. మూడు జట్లు ఒప్పందాన్ని సవరించి మళ్ళీ ప్రయత్నించాయి. డిసెంబరు 10న లేకర్స్ విరమించుకొన్నది. తనను వదులుకోవడానికి సిద్ధపడ్డారని నొచ్చుకొన్న ఓడమ్ కోరిక మేరకు అతడిని డాలస్‌కు పంపివేసింది.

డిసెంబరు 14న పాల్ లాస్ ఏంజెలెస్‌కే వెళ్ళాడు. అయితే లేకర్స్‌కు కాదు, అప్పట్లో అదే మైదానంలో ఆడుతుండిన క్లిప్పర్స్ జట్టుకు. బదులుగా హార్నెట్స్‌కు ఎరిక్ గార్డన్, క్రిస్ కేమన్, అల్-ఫరూక్ అమీను, మిన్నెసోటా జట్టుకు చెందిన మొదటి రౌండు డ్రాఫ్ట్ హక్కు లభించాయి. గార్డన్‌కు అప్పటికి 23 ఏళ్ళు కూడా నిండలేదు. కేమన్ ఒప్పందం ఆ సీజన్‌తో ముగుస్తుంది. కొనేవారికి చూపించడానికి అనువైన జట్టు ఇది.

అభిమానుల వాదోపవాదాలు

లేకర్స్ అభిమానుల దృష్టిలో ఇది కంచే చేను మేసిన వ్యవహారం. నిబంధనలను కాపాడవలసిన కమీషనరే నిబంధనలకు లోబడి కుదిరిన ఒప్పందాన్ని కొట్టివేశాడు. డెంప్స్‌కు బేరమాడే అధికారం ఉన్నదని నమ్మే రెండు జట్లు తమ ఆటగాళ్ళ పేర్లు బయటపెట్టాయి. ఆ పేర్లు బయటపడిన తరువాత గసోల్, ఓడమ్, స్కోలా వంటివారు తమను వద్దనుకొన్న జట్ల శిక్షణ శిబిరాలకు హాజరుకావలసి వచ్చింది. హ్యూస్టన్ అభిమానుల బాధ కూడా ఇదే, కాని వారి గొంతు పెద్దగా వినబడలేదు.

స్టెర్న్‌ను సమర్థించేవారు చెప్పేది వేరు. ఏ జట్టు జనరల్ మేనేజర్ అయినా పెద్ద ఒప్పందానికి యజమాని అనుమతి తీసుకోవాలి. యజమాని కాదంటే ఒప్పందం లేనట్లే. దానిని ఎవరూ వీటో అనరు. హార్నెట్స్ యజమాని ఎన్.బి.ఏ. కనుక ఆ మాట స్టెర్న్ చెప్పవలసి వచ్చింది, అంతే. స్టెర్న్ కూడా 2020 జనవరిలో మరణించేవరకు ఈ వాదననే వినిపించాడు. తాను కమీషనర్‌గా ఏ మార్పిడినీ రద్దు చేయలేదని, యజమాని ప్రతినిధిగా ఒక బేరాన్ని అంగీకరించలేదని అతడి వివరణ.

న్యూ ఆర్లియన్స్ అభిమానుల స్థితి వీరిద్దరికీ భిన్నమైనది. వారికి మొదటి ఒప్పందంలోనైనా, రెండవ దానిలోనైనా పాల్ పోవడం ఖాయం. జట్టు ఊరిలో నిలుస్తుందా లేదా అన్నదే వారికి అసలు ప్రశ్న.

చట్టపరంగా స్టెర్న్ వాదన బలమైనదే. అయినా అది ప్రశ్నను పూర్తిగా తీర్చదు. మామూలు యజమాని తన జట్టు లాభమొక్కటే చూస్తాడు. స్టెర్న్‌కు జీతం ఇచ్చేవారు మిగిలిన 29 మంది, వారి లాభం వేరు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్లు, హార్నెట్స్ మేలు కోరే యజమాని, అందరికీ సమంగా ఉండవలసిన కమీషనర్ ఒకే మనిషిలో ఇమడలేదు. అతడి నిర్ణయం నిజాయితీతో కూడినదే అయినా దానిని నిరూపించే మార్గం అతడికి లేదు. గిల్బర్ట్ లేఖ అదే రోజు బయటపడకపోయి ఉంటే అనుమానం ఇంత గట్టిపడేది కాదేమో.

తరువాతి పరిణామాలు

అభిమానులు తమ వాదనలకు తరువాతి ఫలితాలను సాక్ష్యంగా చూపుతుంటారు. గార్డన్ మోకాలి గాయం వలన ఆ సీజన్‌లో 9 ఆటలు మాత్రమే ఆడాడు. హార్నెట్స్ 21 ఆటలు గెలిచి 45 ఓడింది. 2012 ఏప్రిల్‌లో న్యూ ఆర్లియన్స్ వాసి, అక్కడి ఫుట్‌బాల్ జట్టు సెయింట్స్ యజమాని అయిన టామ్ బెన్సన్ 33.8 కోట్ల డాలర్లకు జట్టును కొన్నాడు. తరువాతి నెలలో జరిగిన లాటరీలో హార్నెట్స్‌కు డ్రాఫ్ట్ మొదటి ఎంపిక దక్కి ఆంథొనీ డేవిస్ వచ్చాడు. జట్టు ఊరిలోనే నిలిచింది, 2013లో పెలికాన్స్ అని పేరు మార్చుకొన్నది.

దీనిని బట్టి స్టెర్న్ దూరదృష్టిని మెచ్చుకొనేవారు ఉన్నారు. అది సరికాదు. ఓడమ్, స్కోలా, మార్టిన్‌లతో ఆడి ఉంటే హార్నెట్స్ అంతగా ఓడేది కాదు, డేవిస్ వచ్చే అవకాశం తగ్గేది అన్నంత వరకు నిజమే. కాని లాటరీలో బంతి ఎలా పడుతుందో డిసెంబరులో ఎవరికీ తెలియదు. బెన్సన్‌కు మేలు చేయడానికే లాటరీని అలా పడేటట్లు చేశారన్న పుకారు కూడా పుట్టింది. దానికి ఆధారం ఏదీ లేదు, కాని యజమానే న్యాయనిర్ణేత అయినప్పుడు ఇటువంటి పుకార్లకు కొదవ ఉండదు.

లేకర్స్ 2012లో స్టీవ్ నాష్‌ను, డ్వైట్ హోవర్డ్‌ను తెచ్చుకొన్నది. 2013 ప్లేఆఫ్స్ మొదటి రౌండులో శాన్ ఆంటోనియో చేతిలో నాలుగు ఆటలూ ఓడింది. హోవర్డ్ ఆ వేసవిలోనే వెళ్ళిపోయాడు. బ్రయంట్ మడమ నరం తెగిన గాయం నుండి పూర్తిగా కోలుకోలేదు, 2010 తరువాత అతడికి మరొక టైటిల్ దక్కలేదు. హ్యూస్టన్ మాత్రం తన దగ్గర మిగిలిపోయిన మార్టిన్‌ను 2012 అక్టోబరులో ఇతర హక్కులతో కలిపి ఇచ్చి ఓక్లహోమా సిటీ నుండి జేమ్స్ హార్డెన్‌ను సంపాదించింది. వివాదంలో ఎక్కువగా లాభపడినది బహుశా ఆ జట్టే. పాల్ రాకతో క్లిప్పర్స్ 2013లో తమ చరిత్రలో మొదటిసారి డివిజన్ విజేతలయ్యారు. అయినా అతడు ఉన్న ఆరు సీజన్లలో వారు కాన్ఫరెన్స్ ఫైనల్ చేరలేదు.

ఇతర ఉదాహరణలు

అమెరికా క్రీడలలో దీనితో పోల్చదగినది 1976 నాటి బేస్‌బాల్ ఘటన. ఓక్లండ్ జట్టు యజమాని చార్లీ ఫిన్లీ ముగ్గురు ఆటగాళ్ళను 35 లక్షల డాలర్లకు న్యూయార్క్, బోస్టన్ జట్లకు అమ్మగా, ఆట శ్రేయస్సు పేరుతో కమీషనర్ బౌయీ కూన్ ఆ అమ్మకాలను రద్దు చేశాడు. ఫిన్లీ కోర్టుకు వెళ్ళి ఓడిపోయాడు. అక్కడ కమీషనర్ కమీషనర్‌గానే జోక్యం చేసుకొన్నాడు, యజమాని వేరే ఉన్నాడు. పాల్ విషయంలో కోర్టుకు వెళ్ళడానికి నష్టపోయిన యజమాని అంటూ ఎవరూ లేరు.

2025 ఫిబ్రవరిలో డాలస్ జట్టు తన యువ ఆటగాడు లూకా డాన్సిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తీసుకొన్నప్పుడు పాత వాదన మళ్ళీ మొదలైనది. పాల్ మార్పిడిని ఆపిన సమాఖ్య దీనిని ఎందుకు ఆపలేదని డాలస్ అభిమానులు ప్రశ్నించారు. డాలస్‌కు సొంత యజమాని ఉన్నాడు, అతడు అంగీకరించాడు. వారి నిరసనలు ఆటలు జరిగే మైదానంలోనే నెలల తరబడి సాగాయి. ఆ మార్పిడి చేసిన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను జట్టు 2025 నవంబరులో తొలగించింది.