వంశస్మరణం – నృసింహానుగ్రహం



యాదగిరి క్షేత్రమాహాత్మ్యంలోనే ఒక వంశక్రమం ఇమిడి ఉన్నది. కశ్యప ప్రజాపతి కుమారుడు విభాండకుడు; ఆయన కుమారుడు ఋష్యశృంగుడు; ఆయన తనయుడు యాదమహర్షి. ఈ గుట్టపై తపమాచరించి నరసింహుని సాక్షాత్కరింపజేసుకున్న మహనీయుడాయనే. హిరణ్యకశిపుడు సైతం ఆ కశ్యపుని కుమారుడే! కనుక వంశజ్ఞానం గర్వానికి హేతువు కారాదు, పితృఋణాన్ని గుర్తుచేసేది కావాలి.

శ్రాద్ధంలో తండ్రి, తాత, ముత్తాతలను వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా స్మరిస్తాము. వివాహవేళ ప్రవరలోనూ మూడు తరాల పేర్లు పలుకుతాము. సీతారామ కల్యాణానికి ముందు వసిష్ఠుడు ఇక్ష్వాకువంశాన్ని, జనకుడు తన వంశాన్ని సభలో వివరించినట్లు వాల్మీకి మహర్షి చెప్పియున్నారు. నేడో, ముత్తాత పేరడిగితే మౌనం వహించేవారెందరో!

ఆ పేర్లు తెలిసేదెట్లు? మొదట ఇంటిలోని వృద్ధులను అడగాలి. మన తెలంగాణలో పద్మశాలీల కులగాథను కూనపులివారు పటం చూపుతూ గానం చేస్తారు; రెడ్ల గోత్రాలను పిచ్చకుంట్లవారు వల్లిస్తారు. ఆ గాయకులు తగ్గిపోతున్న కొద్దీ ఆ నోటిమాటలూ అంతరిస్తున్నాయి. గయలో పూర్వులెవరైనా పిండప్రదానం చేసియుంటే, అక్కడి పండాల బహీలలో ఊరిపేరును బట్టి వెదకవచ్చును. భూమి ఉన్న కుటుంబాలకు నిజాం కాలపు సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఆధారాలు. పాత పత్రాలలో ఫసలీ సంవత్సరం కనిపిస్తే దానికి 590 కలపాలి. ఫసలీ 1350 అనగా సుమారు 1940-41. ఒక్క కాగితాన్నే నమ్మక, పేరు, తండ్రిపేరు, ఊరు మూడూ సరిపోల్చుకోవాలి.

పట్టాలలో స్త్రీల పేర్లు అరుదు. తర్పణంలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, మాతామహులు కూడా స్మరింపబడతారు గదా! కావున వారి పేర్లు, పుట్టినిళ్ళు ముందుగా వ్రాసి ఉంచాలి.

పేర్లు దొరకనివారు దిగులు చెందనక్కరలేదు. తన తండ్రిని పవిత్రుని చేయుమని ప్రహ్లాదుడు వేడగా, ఇరువదియొక్క తరాల పితరులతో కూడ అతడు పవిత్రుడైనాడని నరసింహస్వామి అనుగ్రహించినట్లు భాగవతం తెలుపుతున్నది. అన్ని తరాల పేర్లు ప్రహ్లాదుడు చెప్పలేదు, స్వామి అడుగలేదు. తెలిసినంత వ్రాసి బిడ్డలకు అందించుట మన ధర్మం. తెలియనివారిని స్వామి పాదాలకు సమర్పించుట మన భక్తి.

శ్రీలక్ష్మీనృసింహార్పణమస్తు.