ఋజువుభారము ఎవరిది?

వాదమునకు దిగువారు ముందుగా తెలిసికొనవలసినది ఋజువుభారము ఎవరిపై నున్నదను సంగతి. ఇది యెరుగక చేయు వాదము కలహముగా ముగియును. పై తరగతుల విద్యార్థులు దేవుడు కలడా లేడా యని తర్కించుకొనుట సహజము. "కలడని నీవు చూపుము" అని యొకడనును. "లేడని నీవే చూపుము" అని రెండవవాడనును. ఇరువురును భారమును ఎదుటివాని నెత్తిన పెట్టి తొలగుదురే కాని, ఒక్క యడుగైనను ముందుకు సాగరు. కావున ఈ విషయమును ఇంచుక విచారింతము.

న్యాయస్థానముల పద్ధతి స్పష్టమైనది. ఒక సంగతి కలదని చెప్పి, దానినిబట్టి తీర్పు కోరువాడే దానిని ఋజువు చేయవలెనని 1872వ సంవత్సరపు భారత సాక్ష్యచట్టము 101వ సెక్షనున విధించెను. ఆ చట్టమునకు బదులుగా 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన క్రొత్త సాక్ష్యచట్టమును ఈ సూత్రమునే నిలుపుకొన్నది. పొరుగువాడు తన మేకను దొంగిలించెనని యొకడు ఫిర్యాదు చేసినయెడల, ఫిర్యాదు చేసినవాడే సాక్షులను తేవలెను.

ఈ న్యాయమును మతవిషయమునకు అన్వయించినవారిలో ఆంగ్లేయ తత్త్వవేత్త ఆంటొనీ ఫ్లూ ముఖ్యుడు. నేరము ఋజువగువరకు ముద్దాయిని నిర్దోషిగా నెంచునట్లే, దేవుడు కలడని ఋజువగువరకు నమ్మకుండుటయే విచారణకు ఆరంభస్థానముగా నుండవలెనని 1972లో ప్రకటించిన వ్యాసమున అతడు వాదించెను. అయితే దేవుడు లేడని చెప్పుట వేరు, దేవుడు కలడను నమ్మకము లేకుండుట వేరు అని అతడే విడదీసి చూపెను.

ఈ భేదము ముఖ్యమైనది. 1948 జనవరి 28వ తేదీన బి.బి.సి. రేడియోలో బెర్ట్రండ్ రస్సెల్, జెసూట్ గురువైన ఫ్రెడరిక్ కోపుల్‌స్టన్ ఈ విషయమును చర్చించిరి. దేవుడు లేడని ఋజువు చేయవచ్చునని మీ మతమా, లేక మీది అజ్ఞేయవాదమా యని కోపుల్‌స్టన్ ఆరంభముననే అడిగెను. తనది అజ్ఞేయవాదమని రస్సెల్ బదులు చెప్పెను. లేడని గట్టిగా పలుకువాడును ఒక సంగతిని ప్రతిపాదించుచున్నాడు గనుక, దాని భారము అతనిదే. తెలియదనువానికి ఆ భారము లేదు. కనుక ఎదుటివాడు ఏమి చెప్పుచున్నాడో అడిగి తెలిసికొనకుండ వాదించుట గాలితో పోరాడుటయే.

ఇది సీమదేశమునకే చెందిన ప్రశ్న కాదు. గోరా యను పేర ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు 1940లోనే కృష్ణా జిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించెను. మన బిడ్డలు ఈ ప్రశ్నను వినకుందురని తలిదండ్రులు తలంపరాదు.

ఇక క్రైస్తవుల మాట. దేవుడు కలడని మాత్రమే గాక, యేసు మృతులలోనుండి లేచెనని కూడ మనము చెప్పుచున్నాము. చెప్పునది ఎంత గొప్పదో భారము నంతటిదే. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయమున అపొస్తలుడైన పౌలు ఈ భారమును తప్పించుకొనలేదు. క్రీస్తు లేవలేదని మీరు ఋజువు చేయుడని అతడు సవాలు చేయలేదు. చూచినవారిని వరుసగా పేర్కొనెను. వారిలో అనేకులు ఇంకను బ్రదికియున్నారని తెలిపెను. ఆ సంగతి నిజము కానియెడల తమ బోధ వట్టిదేయని కూడ ఒప్పుకొనెను. ఆ సాక్ష్యము చాలునా చాలదా యనునది విచారింపదగిన మరియొక ప్రశ్న. సాక్ష్యము చూపవలసినవారము మనమే యనుటలో మాత్రము సందేహము లేదు.

భారము మోయుట ఓడిపోవుట కాదు. వ్యాజ్యము తెచ్చినవాడు గెలువవచ్చును, ఓడవచ్చును. ఋజువు కాకపోవుట వేరు, అబద్ధమని తేలుట వేరు. ఫ్లూ 2004లో తన యభిప్రాయమును మార్చుకొని, దేవుడు కలడని యొప్పుకొనెను. క్రైస్తవుడు మాత్రము కాలేదు. కాని ఒకని మనస్సు మారుటయే ఋజువని మనము చాటరాదు. ఎవడైనను విశ్వాసము విడిచినప్పుడు దానినే ఋజువుగా మనపై త్రిప్పవచ్చును గదా.

విద్యార్థులారా, నమ్మని స్నేహితుని చులకన చేయకుడు. అతడు హేతువు నడిగినప్పుడు సాత్వికముతో చెప్పుడు. తెలియనిచో తెలియదని చెప్పుడు. తలిదండ్రులారా, ప్రశ్నించిన బిడ్డను గద్దింపకుడు. గద్దింపునకు వెరచి మిన్నకున్న బిడ్డ నమ్మినట్లు కాదు. ఆ ప్రశ్నను మీరు వినని చోటికి కొనిపోయినట్లే.