కండలే గాదెలు

పంట ఇంటికొస్తే ధాన్యం గాదెలో పోస్తారు. తర్వాత కొంచెం కొంచెం తీసి వాడుకుంటారు. ఒంట్లో పొటాషియం సంగతీ ఇంతే. దానికి గాదెలు కండలే.

పొటాషియం అంటే ఏమిటి? అదొక ఖనిజం. పప్పులు, ఆకుకూరలు, అరటిపండు, బంగాళాదుంప, కొబ్బరినీళ్లలో బాగా ఉంటుంది. చెయ్యి కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా అది కావాలి.

ఒంట్లో ఉన్న పొటాషియం 100 పాళ్లు అనుకుందాం. అందులో 98 పాళ్లు కణాల లోపలే ఉంటుంది. కణాలంటే ఒంటిని కట్టిన చిన్న చిన్న ఇటుకలు. ఎక్కువ భాగం కండల కణాల్లోనే ఉంటుంది. నెత్తురులోనూ, కణాల బయటి నీటిలోనూ కలిపి ఉండేది 2 పాళ్లే. ఆ 2 పాళ్లు మరీ పెరిగినా, మరీ తగ్గినా గుండె తాళం తప్పుతుంది.

మంచి తిండి తింటే ఒక్క రోజులో వచ్చే పొటాషియం ఆ 2 పాళ్లకన్నా ఎక్కువే. అదంతా నెత్తురులో నిలిచిపోతే ప్రాణానికే ముప్పు. కిడ్నీలు దాన్ని మూత్రంలో పంపేస్తాయి. కాని అందుకు గంటలు పడుతుంది. అందాకా కాచేది ఎవరు? కండలే! అన్నం తినగానే ఒంట్లో ఇన్సులిన్ ఊరుతుంది. షుగరు జబ్బువాళ్లు సూదిమందుగా వేయించుకునేది ఇదే. అది కండలకు కబురు పెడుతుంది. కండల కణాల గోడల్లో పంపుల్లాంటివి ఉన్నాయి. అవి పొటాషియాన్ని లోపలికి తోడేసుకుంటాయి.

నాట్లు వేసేటప్పుడు, మూట ఎత్తేటప్పుడు కండల్లోంచి కొంత బయటికొస్తుంది. కాసేపు కూర్చుంటే మళ్లీ లోపలికి పోతుంది.

విరేచనాలు పట్టుకుంటే ఈ గాదె తరిగిపోతుంది. కాళ్లూ చేతులూ సత్తువ తప్పుతాయి. ఓ.ఆర్.ఎస్. పొట్లంలో పొటాషియం కూడా కలిపి ఉంటుంది. ఇంట్లో కలుపుకునే ఉప్పు, పంచదార నీళ్లలో అది ఉండదు. అందుకని పొట్లమే మేలు. అది దొరక్కపోతే ఆ నీళ్లతోపాటు కొబ్బరినీళ్లు, అరటిపండు కూడా ఇవ్వాలి.

కిడ్నీలు చెడినవారి సంగతి వేరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎటు చూసినా కొబ్బరితోటలే. కిడ్నీ జబ్బు కూడా అక్కడే ఎక్కువ. కొబ్బరిబొండం ఒంటికి చలవ అంటారు, నిజమే. కాని కిడ్నీలు బాగా చెడిన మనిషికి అదే అపాయం. గాదె ఎంతని పట్టుకుంటుంది? బయటికి పోయే దారేమో మూసుకుపోయింది. పొటాషియం నెత్తురులో పేరుకుంటుంది. ఏ నొప్పీ తెలియకుండానే గుండె ఆగిపోవచ్చు. అందుకే డాక్టరు నెత్తురు పరీక్ష చేయించి, ఏది ఎంత తినాలో చెబుతారు. 'సోడియం తక్కువ' అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. డాక్టరును అడగకుండా వీళ్లు దాన్ని వాడకూడదు. కూరముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంచేస్తే పొటాషియం కొంత పోతుంది. ఇంట్లో మిగతావాళ్ల కూరకు మాత్రం ఆ నీళ్లు పారబోయనక్కర్లేదు, చారులో పోసుకోవచ్చు.