ముట్టిందన్న కబురు

ఇంట్లో రూటరు ఒకటే. దాని మీద నాలుగు ఫోన్లు, ఒక టీవీ, పిల్లల లాప్‌టాప్. అన్నీ ఒకే గాలిలో ఒకే ఛానెల్ మీద మాట్లాడాలి. అయినా కబుర్లు కలగాపులగం కావు. వైఫై అనగానే అందరూ వేగం సంగతే ఎత్తుతారు. నన్ను కట్టిపడేసేది మాత్రం దాని మర్యాద.

ఆ మర్యాద హవాయిలో పుట్టింది. అక్కడి విశ్వవిద్యాలయం శాఖలు వేర్వేరు దీవుల్లో ఉండేవి, పెద్ద కంప్యూటరు ఒవాహు దీవిలో ఉండేది. నార్మన్ అబ్రామ్సన్ బృందం టెలిఫోను తీగలను నమ్ముకోకుండా 1971లో రేడియో మీద అలోహానెట్‌ను నడిపించింది. వేగం సెకనుకు 9,600 బిట్లు. నియమం చాలా చిన్నది. పంపాల్సింది ఉంటే పంపేయాలి. ముట్టిందన్న కబురు తిరిగి రాకపోతే గాలిలో ఇంకెవరి మాటో అడ్డు తగిలిందనుకుని, కాసేపాగి మళ్లీ పంపాలి. ఎంతసేపు ఆగాలన్నది చీటీ తీసినట్టు ఎవరికి వారికి వేరుగా రావాలి. ఇద్దరూ ఒకే లెక్కన ఆగితే మళ్లీ గుద్దుకుంటారు. ఈ పద్ధతిలో ఛానెల్ సత్తాలో మహా అయితే 18 శాతమే అక్కరకొస్తుంది. వైఫై దీనికి ఇంకో నియమం చేర్చింది: నోరు తెరిచే ముందు చెవి పెట్టి వినాలి.

మాట్లాడుకోవడానికి చోటు కూడా కావాలి కదా. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం మైక్రోవేవ్ ఓవెన్ల వంటివాటికి వదిలేసిన పట్టీ. 1985లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అక్కడ లైసెన్సు లేకుండా మాట్లాడుకోనిచ్చింది. దుకాణాల క్యాష్ రిజిస్టర్లు తయారుచేసే ఎన్‌సీఆర్ కంపెనీ ఆ అవకాశం అందుకుంది. నెదర్లాండ్స్‌లో ఆ కంపెనీ ఇంజనీరైన విక్ హేస్ 1990 నుంచి పదేళ్లు వైఫైకి పునాది అయిన 802.11 ప్రమాణాల సంఘానికి అధ్యక్షత వహించాడు. పోటీ కంపెనీలన్నిటినీ ఒకే మాట మీదికి తేవడం చిన్న పనేమీ కాదు. 1997లో వచ్చిన తొలి ప్రమాణం వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో అది 11కు చేరింది, వైఫై అన్న పేరూ అప్పుడే స్థిరపడింది.

ఇళ్లకూ ఆఫీసులకూ పుట్టిన ఈ వైఫై తర్వాత పశ్చిమ గోదావరి పొలాల మీదుగా కిలోమీటర్ల దూరం ప్రయాణించింది. భీమవరం పరిసరాల్లో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో టవర్లు కట్టి, పల్లెలకు వీడియో పాఠాలూ దూరవైద్యమూ అందించింది. దూరం పెరిగేసరికి ఇంటి మర్యాద పనికిరాదు. 15 కిలోమీటర్లు పోయిరావడానికి రేడియో తరంగానికి 100 మైక్రోసెకన్లు పడుతుంది. దూరానికని ప్రమాణంలో వదిలిన వ్యవధి అంతకంటే బాగా తక్కువ. కబురు ముట్టినా ముట్టలేదనుకుని పంపినవాడు మళ్లీ పంపుతాడు. అందుకే ముట్టిందన్న కబురు కోసం ఆగే గడువు పెంచుకోవాలి. పరిశోధకులు భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ఇలాంటి దూరపు లింకుల కోసం కొత్త నియమం ప్రతిపాదించారు. టవరు మీది యాంటెనాలన్నీ ఒకేసారి పంపాలి, తర్వాత అన్నీ ఒకేసారి వినాలి. చవక వైఫై కార్డులతోనే ఇది సాధ్యమని చూపించారు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఒక పని చేయండి. రూటరు సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్ చూడండి. 1, 6, 11 ఒకదాని మీదొకటి పడవు. వాటిలో పొరుగువారు తక్కువగా వాడుతున్నదాన్ని ఎంచుకోండి. మీతోపాటు వాళ్లకూ మేలే.