సముద్రమనుకుని ఎడారిలో దూకారు
15 ఏళ్ల తర్వాత ఇసుకలో బయటపడిన యుద్ధ విమానం గాథ

ఆఫ్రికా ఖండంలోని లిబియా ఎడారిలో చమురు కోసం అన్వేషిస్తున్న బ్రిటిష్ బృందానికి 1958లో ఒక వింత దృశ్యం కనబడింది. వారు విమానంలో వెళుతూ కిందికి చూడగా, చెట్టూ చేమా లేని బయలులో నాలుగు ఇంజన్ల పెద్ద విమానం ఒకటి పొట్ట నేలకానించి పడివుంది. నడుము విరిగింది తప్ప మిగిలిన భాగం చెక్కు చెదరలేదు. మరుసటి ఏడాది కొందరు నేలమార్గాన అక్కడికి చేరుకుని లోపల వెదికారు. తాగేందుకు పనికివచ్చే నీళ్లు, తిండి సరుకులు, పని చేసే రేడియో దొరికాయి. మరతుపాకి కూడా పేలింది. మనుషుల జాడ మాత్రం లేదు. పారాచూట్లు కూడా లేవు.

అది ‘లేడీ బీ గుడ్’ అనే అమెరికన్ బాంబరు విమానం. 1943 ఏప్రిల్ 4న తొమ్మిది మందితో బయలుదేరి తిరిగి రాలేదు. సముద్రంలో కూలిపోయి ఉంటుందని సైన్యం అప్పట్లో తేల్చివేసింది.

మొదటి దాడి, చివరి ప్రయాణం

లిబియా ఉత్తర తీరాన, బెన్ఘాజీ దగ్గర సొలూక్ అనే చోట ఆ విమాన స్థావరం ఉండేది. ఇటలీలోని నేపుల్స్ రేవుపై బాంబులు వేయడానికి ఆ రోజు 25 విమానాలు సిద్ధమయ్యాయి. ‘లేడీ బీ గుడ్’ సిబ్బందికి అదే మొదటి యుద్ధ యాత్ర. బయలుదేరే వేళకే ఇసుక గాలి లేచింది. జట్టు చెదిరిపోయింది. నేపుల్స్ చేరేసరికి చీకటి పడింది. గురి కుదరక బాంబులను సముద్రంలో వదిలి, విమానం ఒంటరిగా వెనుదిరిగింది.

అర్ధరాత్రి దాటాక పైలట్ హాటన్ రేడియోలో దారి చెప్పమని కోరాడు. విమానం ఏ గీత వెంట ఉన్నదో తీరాన ఉన్న యంత్రం చెప్పగలదు. అయితే ఆ గీత మీద స్థావరానికి ఇవతల ఉన్నదో అవతల ఉన్నదో చెప్పలేదు. విమానం ఇంకా సముద్రం మీదే ఉన్నదని అనుకున్నారు. నిజానికి అప్పటికే అది స్థావరాన్ని దాటి ఎడారి మీదికి వచ్చేసిందని తరువాత విచారించినవారు భావించారు. చీకట్లో ఎడారి అయినా, సముద్రమైనా పై నుంచి ఒకే తీరుగా ఉంటుంది.

అలా దాదాపు రెండు గంటలు దక్షిణంగా సాగిపోయారు. పెట్రోలు అయిపోవచ్చింది. తెల్లవారుజామున రెండు గంటలకు పారాచూట్లతో దూకారు. నీటిలో పడతామని తేలుడు కోట్లు కూడా తొడుక్కున్నారు. కాలికి తగిలింది నీరు కాదు, నేల. మనుషులు లేని విమానం తనంతట తాను మరో పాతిక కిలోమీటర్లు పోయి నేలకు దిగింది.

రోజుకు మూతెడు నీళ్లు

సంకేత దీపాలు పేల్చుకుని ఎనిమిది మంది ఒకచోట చేరారు. వొరావ్కా మాత్రం రాలేదు. అతని పారాచూట్ సరిగా విచ్చుకోలేదని 1960లో శవం దొరికాక గాని తెలియలేదు.

ఎనిమిది మందికీ కలిపి ఉన్నవి అర బుడ్డి నీళ్లు. రోజుకు ఒక్కొక్కరు మూతెడు చొప్పున పంచుకున్నారు. సముద్రం దగ్గరలోనే ఉంటుందని వాయవ్య దిశగా నడక సాగించారు. వెదికేవారికి గుర్తుగా బూట్లు, పారాచూట్ గుడ్డ పీలికలు బాణపు గుర్తులుగా పేర్చి, రాళ్లు బరువు పెట్టారు. నడిచిన దిక్కు తప్పు కాదు. కాని తీరం వందల కిలోమీటర్ల దూరాన ఉంది. నీళ్లు, రేడియో ఉన్న విమానం వారి వెనుక, దక్షిణాన పడివుంది. ఆ సంగతి వారికి తెలిసే దారి లేదు.

కో-పైలట్ టోనర్ జేబు డైరీలో రోజూ నాలుగు ముక్కలు రాసుకున్నాడు. పగటి ఎండ, రాత్రి చలి, మండే కళ్లు, దేవుని ప్రార్థన, అంతే. ఏప్రిల్ 9 నాటికి ఐదుగురు ఇక నడవలేకపోయారు. షెల్లీ, రిప్‌స్లింగర్, మూర్ సాయం కోసం ముందుకు సాగారు. డైరీలో చివరి మాట 12వ తేదీది. అప్పటికీ సాయం రాలేదు.

1960 ఫిబ్రవరిలో హాటన్, టోనర్, హేస్, లామోట్, ఆడమ్స్‌ల శవాలు ఒకే చోట దొరికాయి. దూకిన చోటి నుంచి వారు సుమారు 130 కిలోమీటర్లు నడిచారు. అంత తక్కువ నీటితో అంత దూరం నడవగలరని ఎడారి నిపుణులు కూడా ఊహించలేదు. అదే ఏడాది మే నెలలో షెల్లీ, రిప్‌స్లింగర్‌ల శవాలు ఇంకా ఉత్తరాన, ఇసుక దిబ్బల మధ్య కనిపించాయి. ఆ ఇద్దరూ ఐదుగురిని విడిచాక మరో 30 కిలోమీటర్లకు పైనే నడిచారు. మూర్ శవం ఫలానా అని నేటివరకు అధికారికంగా తేలలేదు.

విమానం శిథిలాలను 1994లో తోబ్రూక్‌కు తరలించారు. పదిహేనేళ్లు సముద్రంలో మునిగారని నమ్మిన ఆ కుటుంబాలకు, తమవారు కడదాకా ఒకరి నీళ్లు ఒకరికి పంచి నడిచారని డైరీ వల్లనే తెలిసింది.