ముడుతలను తగ్గించు మందు

వయస్సును వెనుకకు మరలింతుమని ప్రగల్భములు పలుకు లేపనములు నేడు మందుల దుకాణపు అద్దాల బీరువాలలో వరుసలు తీరియున్నవి గాని, వానిలో దశాబ్దముల పరీక్షకు నిలిచి చర్మవైద్యుల అంగీకారమును బడసిన ద్రవ్యములు అత్యల్పములు. ఆ అల్పసంఖ్యలో అగ్రగణ్యము 'ఏ' విటమిను నుండి పుట్టు ట్రెటినోయిన్ అను ఆమ్లము. విచిత్రమేమనగా, ఇది ముడుతలకై వెలసినది కానే కాదు, మొటిమల మందు.

ఫిలడెల్ఫియా నగరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమందు చర్మవైద్యాచార్యుడుగా నుండిన ఆల్బర్ట్ క్లిగ్మన్ దీని గుణమును మొటిమలపై నిరూపింపగా, అమెరికా ప్రభుత్వము 1971లో రెటిన్-ఏ అను పేర దీని అమ్మకమునకు అనుమతించెను. నడివయస్సున మొటిమలు వచ్చి దీనిని పూసికొనుచుండిన స్త్రీలు కొందరు, మొటిమల మాట అటుండగా, తమ ముఖము నునుపెక్కినదనియు, సన్నని గీతలు మాసినవనియు చెప్పసాగిరి. క్లిగ్మన్ ఆ మాటలను త్రోసిపుచ్చక పరిశీలించి 1986లో వ్యాసము ప్రకటించెను. మరి రెండేండ్లకు మిషిగన్ విశ్వవిద్యాలయపు వైద్యులు 30 మందిపై 16 వారములపాటు, మందుగల లేపనమును మందులేని లేపనముతో సరిపోల్చుచు, ఏది యేదో పూసికొనువారికిని పరీక్షించువారికిని తెలియనీయక ప్రయోగము నడపి, గుణము నిజమే యని తేల్చిరి. పెక్కుమందికి చర్మము కంది పొట్టురేగినదనియు దాచక వ్రాసిరి. ముడుతలకని ప్రత్యేకముగా అనుమతి లభించుటకు మాత్రము 1995 వఱకు ఆగవలసివచ్చెను.

ఈ కీర్తికి అంటిన మచ్చ యొకటి కలదు. క్లిగ్మన్ 1950ల నుండి 1974 వఱకు ఆ నగరమందలి హోమ్స్‌బర్గ్ కారాగారములో ఖైదీలపై, వారిలో అధికులు నల్లజాతివారు, స్వల్పముగా డబ్బు ముట్టజెప్పి పెక్కు ప్రయోగములు సాగించెను; ఈ మందు పరీక్షలును అందు చేరియున్నవి. విశ్వవిద్యాలయపు వైద్యకళాశాల బహిరంగముగా క్షమాపణ చెప్పినది 2021లో, అనగా ఆయన మరణించిన పదునొకండేండ్లకు. ముఖకాంతికై మందు కొనువారికి ఈ సంగతి తెలిసియుండుట న్యాయమని నా తలపు.

చర్మపు పైపొరకు దిగువ కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు పడుగుపేకలవలె అల్లుకొని బిగువును నిలుపును. ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకినప్పుడు ఆ పోగులను తెగగొట్టు ఎంజైములు చర్మమునందే పుట్టును. ట్రెటినోయిన్ కణకేంద్రకమును జేరి, అచటి గ్రాహకములను అంటుకొని, ఆ ఎంజైముల ఉత్పత్తిని అణచి, క్రొత్త కొల్లాజెన్ పుట్టుటకు దోహద మొనర్చును. ఇది నెలలు పట్టు పని; వారము దినములలో గుణము కనబడలేదని గొట్టమును మూలకు విసరువారే యెక్కువ. వైద్యుని చీటీ లేకయే దొరకు సీరములలోని రెటినాల్ చర్మములో రెండు మెట్లు మారినగాని ఈ ఆమ్లము కాదు. అందుచేత దాని మంటయు తక్కువ, బలమును తక్కువ.

రాత్రి ముఖము కడిగి, తడి పూర్తిగా ఆరిన పిమ్మట, మొగమంతటికిని శనగగింజంత మందు చాలును. తొలిదినములలో రెండుమూడు రాత్రుల కొకమారు. ఎక్కువ పూసినచో పొట్టు రేగునే గాని ఫలము పెరుగదు. గర్భిణులు దీని జోలికి పోరాదు. మన ఊళ్లలో చీటీ లేకుండ అడిగి తెచ్చుకొను 'తెల్లబడు క్రీము'లలో ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్, స్టెరాయిడ్ మూడును కలిసిన రకములు కలవు. వానిని నెలలతరబడి పూసినచో స్టెరాయిడు వలన చర్మము పలుచబడి, రక్తనాళములు ఎఱ్ఱగా పైకి తేలును.

'సి' విటమిను సీరమునకును కొంత ఆధారము కలదు గాని, గాలి సోకి గోధుమరంగు తిరిగిన సీసాలో మిగులు గుణము స్వల్పము. హయలురోనిక్ ఆమ్లమును, గ్లిజరినును నీటిని పట్టియుంచి, పొడిచర్మపు గీతలను ఆ పూటకు కప్పును, అంతే.

అసలు ఎండను ఆపక యే మందు పూసినను సగము వృథా. 28 ఏండ్లు లారీ తోలిన 69 ఏండ్ల అమెరికా చోదకుని ఛాయాచిత్రము 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వెలువడినది: కిటికీవైపున నుండిన ఎడమచెంప లోతైన ముడుతలతో వ్రేలాడుచుండగా, కుడిచెంప ఎంతో పిన్నగా నున్నది. ముడుతలు తెచ్చు కిరణములలో ఒక తెగను గాజు ఆపజాలదు. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణమున 55 ఏండ్లలోపు వారు 903 మందిని పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, సన్‌స్క్రీనును దినదినము పూసికొన్న వర్గమువారి చర్మమున నాలుగున్నరేండ్లకును వార్ధక్యము హెచ్చిన జాడ కానరాలేదు. తోచినప్పుడు మాత్రమే పూసికొన్నవారిలో కానవచ్చెను.